చేనేత చీరలు: కొనే ముందు నుంచి దాచే వరకు తరచుగా అడిగే ప్రశ్నలు

శ్రావణ మాసం వస్తోందంటే చాలు, చేనేత చీరల గురించి అవే సందేహాలు మళ్ళీ మొదలవుతాయి. వరలక్ష్మీ వ్రతానికని ఒకరు, పెళ్ళికని ఒకరు, విదేశంలో ఉన్న కూతురికి పంపాలని మరొకరు అడుగుతారు. సందర్భాలు మారతాయి గానీ ప్రశ్నలు మారవు. అందుకే అడిగినవాళ్ళ మాటల్లోనే వాటిని ఒకచోట చేర్చాను. వరుసగా చదవనక్కరలేదు, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళండి. ఎక్కువగా మన రెండు రాష్ట్రాల్లో నేసే చీరల గురించే రాశాను.

## కొనే ముందు

పోచంపల్లి డిజైను చీర బజారులో ఏడు వందలకే దొరుకుతుంటే, చేనేతకు వేలకు వేలు ఎందుకు పెట్టాలి?

ఆ ఏడు వందల చీర మీద ఉన్నది అచ్చు వేసిన బొమ్మ. చేనేత పోచంపల్లిలో బొమ్మ దారంలోనే పుడుతుంది. ముందు ఆసు పోస్తారు: ఒక పక్క ఒకే మేకు, రెండో పక్క అర్ధచంద్రాకారంలో వరుసగా మేకులు ఉన్న చట్రం మీద దారాన్ని అటూ ఇటూ తిప్పుతూ చుడతారు. ఆ తర్వాత దాని మీద గీతలు గీసి, రంగు అంటకూడని చోటల్లా బిగించి కడతారు. దీన్నే చిటికి కట్టడం అంటారు. రంగులో ముంచి, ఆరబెట్టి, కట్లు విప్పి, మరోచోట కట్టి రెండో రంగులో ముంచుతారు. రంగులు పెరిగే కొద్దీ విడతలు పెరుగుతాయి. ఇంత అయ్యాకే మగ్గం దగ్గరికి వెళ్ళడం. అక్కడ కూడా పేక దారం (అడ్డంగా నేసే దారం) కాస్త జరిగితే బొమ్మలోని చిలుక ముక్కు చెదిరిపోతుంది కాబట్టి నేతగాడు ప్రతి పోగునూ చూసి సరిచేసుకుంటూ నేస్తాడు.

ఆసు పోయడం ఎక్కువగా ఇంట్లో ఆడవాళ్ళ పని. ఒక్క చీరకు చెయ్యి వేల సార్లు ఆడాలి. తల్లి భుజాల నొప్పి చూడలేక చింతకింది మల్లేశం ఆసు యంత్రం తయారు చేశారు, 2017లో పద్మశ్రీ అందుకున్నారు. ఆ యంత్రం వచ్చాక ఒక పెద్ద బాధ తప్పింది. కానీ కట్టడం, రంగులద్దడం, నేయడం ఇప్పటికీ చేతుల మీదే నడుస్తున్నాయి. మీరు ఇచ్చే ధరలో ఎక్కువ భాగం ఆ చేతులదే. నా దృష్టిలో అది ఎక్కువ ధర కాదు.

గద్వాల, నారాయణపేట, వెంకటగిరి, ఉప్పాడ, మంగళగిరి... అన్నీ ఒకేలా అనిపిస్తాయి. తేడా ఎలా గుర్తుపట్టాలి?

గద్వాల చీరకు ఒళ్ళు నూలు, అంచూ కొంగూ పట్టు. అంచు ఒక రంగు, ఒళ్ళు ఒక రంగు ఉండేలా విడివిడి నాడెలతో (పేక దారాన్ని అటూ ఇటూ తీసుకెళ్ళే పనిముట్లు) నేస్తూ, రెండూ కలిసే చోట దారానికి దారం మెలేస్తారు. ఆ కలయిక మీద వేలు పెట్టి రాస్తే సన్నని గట్టులా తగులుతుంది. తిరుమల బ్రహ్మోత్సవాల ముందు శ్రీవారికి సమర్పించే ఏరువాడ జోడు పంచెలు నేసేది కూడా గద్వాల నేతన్నలే. ఆ ఊరి నేతకు ఉన్న గౌరవం దాన్ని బట్టే అర్థం చేసుకోవచ్చు.

నారాయణపేట చీరలో గళ్ళు, గాఢమైన రంగులు, అంచు మీద గోపురాల వరుస ఉంటాయి. సరిహద్దు ప్రాంతం కాబట్టి మరాఠీ, కన్నడ పోకడలు అందులో కనిపిస్తాయి. వెంకటగిరి పేరు చెబితే గుర్తొచ్చేది సన్నదనం: పలుచని నూలు, సన్నని జరీ అంచు, కొంగులో జాందానీ పని, అంటే నేసేటప్పుడే అదనపు దారంతో చేత్తో బుటాలు అల్లడం. వెలుగోటి రాజుల ఆదరణలో పెరిగిన నేత అది. కాకినాడ జిల్లా ఉప్పాడలో కూడా జాందానీయే గానీ ఎక్కువగా పట్టు మీద నేస్తారు. ఒళ్ళంతా బుటాలున్నా తేలికగా ఉంటుంది. మంగళగిరి చీరకు ఒళ్ళు మీద ఏమీ ఉండదు. ఒత్తైన నూలు నేత, నిజాం అంచు అని పిలిచే చిన్న జరీ గోపురాల అంచు, కొంగులో జరీ చారలు, అంతే. ఆ నిరాడంబరతే దాని అందం.

మొదటిసారి చేనేత కొంటున్నాను. రోజూ ఆఫీసుకు కట్టుకోవడానికి ఏది మంచిది?

మంగళగిరి నూలు చీర. గట్టిగా ఉంటుంది, ఇంట్లో ఉతుక్కోవచ్చు, కట్టే కొద్దీ మెత్తబడుతుంది, ధర కూడా అందుబాటులో ఉంటుంది. ఎండాకాలానికి మాత్రం వెంకటగిరి నూలు ఇంకా హాయి. అయితే బస్సులు, బైకుల మీద తిరిగేవారు పలుచని చీరను కొంచెం జాగ్రత్తగా చూసుకోవాలి.

పెళ్ళికి కంచి పట్టే కొనాలని అత్తగారు అంటున్నారు. ధర్మవరం తక్కువదా?

తక్కువేమీ కాదు. ధర్మవరం పట్టు బరువైనది, అంచు వెడల్పు, రంగులు నిండుగా ఉంటాయి, పెళ్ళిపీటల మీద కూర్చోవడానికే పుట్టినట్టు ఉంటుంది. ఆ ఊరికి దగ్గరలోనే లేపాక్షి ఉంది. అక్కడి వీరభద్రాలయం పైకప్పు చిత్రాల్లో స్త్రీలు కట్టిన చీరల నమూనాలు ఈనాటికీ కళ్ళు చెదిరేలా ఉంటాయి. ఆ ప్రాంతానికి చీరల మీద ఉన్న మమకారం ఎంత పాతదో అవి చూస్తే తెలుస్తుంది. అత్తగారికి పేరు ముఖ్యమైతే ఒకటి కంచి, ఒకటి ధర్మవరం తీసుకోండి. చీర నాణ్యతను ఊరు ఒక్కటే తేల్చదు. పట్టు, జరీ, నేత, ఈ మూడూ చూసి తేల్చుకోవాలి.

సిరిసిల్ల చీర చేనేతేనా?

సిరిసిల్ల ప్రధానంగా మరమగ్గాల (కరెంటుతో నడిచే మగ్గాల) ఊరు. తెలంగాణ ప్రభుత్వం 2017 నుంచి పంచిన బతుకమ్మ చీరలు అక్కడి మరమగ్గాల మీద నేసినవే. వేల కుటుంబాలకు అది బతుకుతెరువు కాబట్టి కొనడంలో తప్పేమీ లేదు. చేనేత అని చెప్పి అమ్మితేనే తప్పు.

కలంకారీ చీర కూడా చేనేతేనా?

కలంకారీ అనేది బట్ట మీద చేసే పని. కింద ఉన్న బట్ట చేనేతది కావచ్చు, మిల్లుది కావచ్చు, అడిగి తెలుసుకోవాలి. శ్రీకాళహస్తిలో వెదురు కలంతో చేత్తో గీస్తారు. మచిలీపట్నం దగ్గరి పెడనలో చెక్క అచ్చులతో అద్దుతారు. పాత పద్ధతిలో బట్టను కరక్కాయ, పాలు కలిపిన నీళ్ళలో ముంచి ఆరబెడతారు. తుప్పు పట్టిన ఇనుము, బెల్లం కలిపి ఊరబెట్టిన నీటితో నల్ల గీతలు వస్తాయి. కొత్త చీర దగ్గర పాల వాసన కొంచెం వస్తే భయపడకండి, రెండు ఉతుకుల్లో పోతుంది. మెరిసే ముదురు రంగులతో, కొన్ని వందల రూపాయలకు దొరికేది యంత్రంతో అచ్చు వేసిన కలంకారీ నమూనా మాత్రమే.

మా అమ్మాయికి ఓణీల వేడుక. పట్టు లంగా, ఓణీకి ఎంత బట్ట కావాలి?

లంగాకు మూడు నుంచి నాలుగు మీటర్లు, ఓణీకి రెండున్నర, రవికకు ఒక మీటరు లోపు సరిపోతాయి. కుచ్చిళ్ళు ఎక్కువ కావాలంటే లంగా బట్ట పెంచండి. ఎదిగే పిల్ల కాబట్టి కింద రెండు మూడు మడతలు లోపలికి కుట్టించండి, ఏటా ఒకటి విప్పుకోవచ్చు. మా వైపు దీన్ని తప్పనిసరిగా చేసేవారు. ఇప్పటి దర్జీలకు మాత్రం గుర్తు చేయాలి.

## దుకాణంలో, మగ్గం దగ్గర

మగ్గం మీద నేసిందో, మరమగ్గం మీద నేసిందో చూసి చెప్పగలమా?

ఒక్క గుర్తుతో తేల్చేయలేం, నాలుగైదు కలిపి చూడాలి. ముందు చీరను తిరగేయండి. జాందానీ బుటా అయితే చేనేతలో ఆ దారం బుటా ఉన్న మేరకే తిరుగుతుంది, వెనకవైపు కూడా దాదాపు ముందువైపులాగే శుభ్రంగా ఉంటుంది. మరమగ్గం చీర వెనక బుటాకీ బుటాకీ మధ్య దారాలు వేలాడుతూనో, కత్తిరించిన పోగులు పొడుచుకుంటూనో ఉంటాయి. తర్వాత అంచు చూడండి. బట్ట వెడల్పు ముడుచుకోకుండా మగ్గం మీద అడ్డంగా ఒక పుల్ల బిగిస్తారు, దాని చివర్ల సూదుల వల్ల అంచు పొడవునా సన్నని రంధ్రాలు పడతాయి. ఇవి ఉంటే చేనేత కావడానికి అవకాశం ఎక్కువ. ఇక నేతలో చిన్న చిన్న ఎచ్చుతగ్గులు, కొంగులో బుటాలు ఒకదానికొకటి అచ్చుగుద్దినట్టు ఉండకపోవడం కూడా చేతిపనిని చూపిస్తాయి.

చివరిగా చీటీలు చూడండి. 2006లో వచ్చిన హ్యాండ్‌లూమ్ మార్క్, ఆయా ఊళ్ళకు వచ్చిన భౌగోళిక గుర్తింపు చీటీ ఉంటే మంచిది. అయినా చీటీ చూసి నమ్మే ముందు చీరను చేత్తో పట్టుకుని చూడండి.

పోచంపల్లి అని చెప్పి ప్రింటు అంటగట్టారేమో అని భయం. ఎలా తెలుస్తుంది?

రెండు వైపులా ఒకే గాఢతలో రంగు ఉందా చూడండి. ప్రింటు అయితే వెనకవైపు వెలిసినట్టు ఉంటుంది. ఆ తర్వాత బొమ్మ అంచు చూడండి: చిటికి పద్ధతిలో రంగు దారం వెంట కొద్దిగా పాకుతుంది కాబట్టి గీత కత్తితో కోసినట్టు ఉండదు, ఈకల అంచులా కొంచెం మసకగా ఉంటుంది. ఇంకా అనుమానముంటే కొంగు చివర వేలాడే ఒక పోగు లాగి చూడండి. ఒకే దారం మీద ముక్కలు ముక్కలుగా వేర్వేరు రంగులు కనిపిస్తే అది దారానికి రంగు వేసి నేసినదే.

పట్టు అసలుదా నకిలీదా అని నిప్పుతో చూడమంటారు. నిజంగా పనిచేస్తుందా?

పనిచేస్తుంది, కానీ చీరకు నిప్పు పెట్టకూడదు. కొంగు చివర రెండు పోగులు తీసి దుకాణం బయట కాల్చి చూడండి. పట్టు అయితే వెంట్రుక కాలిన వాసన వస్తుంది, మిగిలిన బూడిద వేళ్ళ మధ్య నలిపితే పొడి అవుతుంది. పాలిస్టర్ కరిగి గట్టి ఉండలా మిగులుతుంది. పడుగు దారం (నిలువు దారం), పేక దారం రెండూ విడివిడిగా కాల్చాలి, ఎందుకంటే ఒకటి పట్టు పెట్టి రెండోది వేరేది పెట్టే చీరలు చాలా వస్తున్నాయి. పోగులు తీయనివ్వని దుకాణంలో సిల్క్ మార్క్ చీటీ అడగండి. కేంద్ర పట్టు మండలి తరఫున 2004 నుంచి అది నడుస్తోంది.

'టెస్టెడ్ జరీ' అన్నారు. అంటే బంగారు జరీయేనా?

బంగారు జరీ కాదు. అందులో ఉండేది వెండి పూత వేసిన రాగి తీగ, పైన బంగారు రంగు. మేలిమి జరీలో పట్టు దారం చుట్టూ వెండి తీగ చుట్టి బంగారు పూత వేస్తారు, అందుకే ధర అంత తేడా. ప్లాస్టిక్ పొరతో చేసే జరీ కూడా ఉంది, అది బాగా తేలికగా, మరీ మెరుపుగా ఉంటుంది. రోజువారీ చీరకు టెస్టెడ్ జరీ చాలు. తరతరాలకు దాచుకోవాలనుకునే చీర అయితే మేలిమి జరీ అని బిల్లు మీద రాయించుకోండి.

80 కౌంటు, 100 కౌంటు అంటారు. అదేమిటి?

నూలు ఎంత సన్నగా ఉందో చెప్పే లెక్క. ఒక పౌను (పౌండు) బరువున్న నూలులో 840 గజాల చిలపలు (దారపు చుట్టలు) ఎన్ని వస్తే అన్ని కౌంట్లు. 80 కౌంటు అంటే ఒక్క పౌను దూది నుంచి 67,200 గజాల దారం తీసినట్టు, అంటే దాదాపు 61 కిలోమీటర్లు. అంకె పెరిగే కొద్దీ దారం సన్నబడుతుంది, చీర తేలికవుతుంది, నేయడం కష్టమవుతుంది. శ్రీకాకుళం జిల్లా పొందూరు ఖాదీ వాళ్ళు దూదిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి, చేత్తోనే వడికి అంత సన్నని నూలు తీస్తారు. ఆ ఎముకకున్న సన్నని పళ్ళు దువ్వెనలా పనిచేసి, నలుసులు వదిలించి, పోగులను ఒకే దిక్కుకు మళ్ళిస్తాయి.

చీరలో అక్కడక్కడ ముడి, ఒక పోగు లావు కనిపిస్తున్నాయి. వెనక్కి ఇచ్చేయాలా?

చిన్న ముడి లోపం కాదు, తెగిన పోగును అతికిన గుర్తు. పోగు తెగి ఖాళీ గీత కనబడినా, అంచు వదులైపోయినా, రంగు మరక ఉన్నా మాత్రం మార్చుకోండి. కొనేటప్పుడే చీర మొత్తం వెలుతురుకు అడ్డంగా పట్టుకుని ఒకసారి చూస్తే సరిపోతుంది.

నేరుగా నేతగాళ్ళ ఇంటికి వెళ్ళి కొంటే చౌకగా వస్తుందా? బేరం ఆడవచ్చా?

చాలా ఇళ్ళలో మగ్గం మీదున్న చీర ఆ ఇంటివారిది కాదు. మాస్టర్ వీవర్ నూలు, జరీ, డిజైను ఇస్తాడు, వీళ్ళు నేసి చీరకు ఇంత అని మజూరీ తీసుకుంటారు. కాబట్టి వాళ్ళు మీకు అమ్మే స్థితిలో ఉండకపోవచ్చు. సొంతంగా నేసి అమ్మేవాళ్ళు దొరికితే అదృష్టం, పట్టణంలోని ధర కంటే తగ్గుతుంది కూడా. అక్కడ దయచేసి గీచి గీచి బేరం ఆడకండి. పెద్ద దుకాణంలో చీటీ మీద ఉన్న ధర మారుమాట లేకుండా ఇచ్చి, నేసినవారి గుమ్మంలో రెండు వందలకు పట్టుబట్టడం న్యాయం కాదు. సహకార సంఘాల్లో, ఆప్కో వంటి దుకాణాల్లో ధరలు స్థిరం. పండుగలప్పుడు, ఆగస్టు 7 జాతీయ చేనేత దినోత్సవం చుట్టుపక్కల రాయితీలు ఇస్తుంటారు.

## కట్టేటప్పుడు

కొత్త నూలు చీర గంజితో బిగిసిపోయి, కడితే గుడారంలా ఉబ్బుతోంది. ఏం చేయాలి?

ఒకసారి చల్లని నీళ్ళలో జాడించి, నీడన ఆరబెట్టి, కొంచెం తడి ఉండగానే ఇస్త్రీ చేయండి. సగం బిరుసు పోతుంది. కట్టేటప్పుడు కుచ్చిళ్ళు ఐదారుకు మించనివ్వకండి, ఒక్కొక్కటి నాలుగు వేళ్ళ వెడల్పు తీసి, కింద నుంచి చేత్తో నిమిరి కూర్చోబెట్టండి. లోపలి లంగా కూడా నూలుదే అయి, నడుము దగ్గర బిగువుగా ఉంటే చీర జారదు. నాలుగైదుసార్లు కట్టాక అదే చీర ఒంటికి అతుక్కుపోతుంది.

ఫాల్ తప్పనిసరిగా కుట్టించాలా?

పట్టుకు, పలుచని చీరలకు కుట్టించండి, అంచు అరగదు. మంగళగిరి వంటి ఒత్తైన నూలుకు అవసరం లేదు. ఫాల్ బట్టను ముందే ఉతికి ఆరబెట్టకపోతే మొదటి ఉతుకులో అది ముడుచుకుపోయి చీర అంచును లాగేస్తుంది.

అమ్మమ్మలా గోచీ పోసి కట్టుకోవాలని ఉంది. మామూలు చీర సరిపోతుందా?

ఇప్పటి చీర ఐదున్నర మీటర్లు ఉంటుంది, రవిక బట్టతో కలిపి ఆరు పైచిలుకు. గోచీ కట్టుకు పూర్వం తొమ్మిది గజాలు, అంటే ఎనిమిది మీటర్లకు పైగా వాడేవారు. సన్నగా ఉన్నవారు రవిక ముక్క కత్తిరించకుండా ఆరు మీటర్లతో సర్దుకోవచ్చు. నిండుగా కావాలంటే తొమ్మిది గజాల చీర ప్రత్యేకంగా నేయించుకోవాలి, నారాయణపేట వైపు అడిగితే దొరికే అవకాశం ఉంది.

మధుపర్కాలు ఎలాంటివి కొనాలి? పెళ్ళయ్యాక వాటితో ఏం చేస్తారు?

తెల్లని నూలు బట్ట, ఎర్రంచో పసుపంచో ఉన్నవి కొనండి. మెరిసే పాలిస్టర్ జతలు వద్దు. పసుపు, తలంబ్రాలు, ముహూర్తపు వేడి అన్నిటినీ తట్టుకుని ఒంటికి హాయిగా ఉండేది నూలే. ఏ ఘట్టంలో కట్టాలన్నది ఇంటింటి ఆచారాన్ని బట్టి ఉంటుంది, పురోహితుణ్ణి ముందే అడగండి. పెళ్ళయ్యాక కొందరు దాచుకుంటారు, కొందరు రంగు వేయించుకుని కట్టుకుంటారు. బీరువాలో పసుపు మరకలతో పడి ఉండటం కన్నా రంగు వేయించుకోవడమే నాకు నచ్చుతుంది.

అమెరికాలో ఉంటాం. చలికాలంలో చేనేత కట్టుకోగలమా?

పట్టు వెచ్చదనాన్ని పట్టి ఉంచుతుంది. లోపల పలుచని ఉన్ని దుస్తులు వేసుకుని, నిండు చేతుల రవికతో ధర్మవరమో పోచంపల్లి పట్టో కట్టండి. ఇల్లు వేడి చేసే యంత్రాల వల్ల గాలి బాగా పొడిగా ఉంటుంది కాబట్టి సింథటిక్ లంగా వేసుకుంటే చీర కాళ్ళకు అంటుకుంటుంది, నూలు లంగా వాడండి. చేనేత చీర ఏదీ బట్టలు ఆరబెట్టే యంత్రంలో వేయకండి.

## ఉతకడం, దాచడం

కొత్త నూలు చీర రంగు పోతుందేమో. మొదటిసారి ఎలా ఉతకాలి?

ముందు తెల్లని చేతిరుమాలు తడిపి కొంగు మూల మీద రుద్ది చూడండి. రంగు అంటితే ఆ చీరను మొదటి మూడు నాలుగు సార్లు విడిగా, చల్లని నీళ్ళలో, గుప్పెడు ఉప్పు వేసి కొద్ది నిమిషాలే ఉంచి జాడించండి. ఉప్పు కొంతవరకు సాయపడుతుంది గానీ, సరిగ్గా పట్టని రంగును పూర్తిగా ఆపలేదు. నానబెట్టి మరిచిపోవడమే చాలా చీరలను పాడు చేస్తుంది. నీడన, లోపలి వైపు పైకి వచ్చేలా ఆరేయండి.

పట్టు చీర ఇంట్లో ఉతకవచ్చా?

జరీ బరువుగా ఉన్న పెళ్ళి చీరను డ్రై క్లీనింగుకు ఇవ్వండి. తేలికపాటి పట్టు చీరను కుంకుడుకాయ రసంలో చల్లని నీళ్ళతో ఉతకవచ్చు. రుద్దకుండా, పిండకుండా, తువ్వాలులో చుట్టి నీరు తీసేయాలి. కట్టిన ప్రతిసారీ ఉతకనక్కరలేదు, ఒక పూట గాలికి ఆరేస్తే చెమట వాసన పోతుంది. అత్తరు, స్ప్రే మాత్రం చీర కట్టుకోక ముందే కొట్టుకోండి, జరీ మీద పడితే నల్లబడుతుంది.

బీరువాలో నాఫ్తలీన్ ఉండలు వేస్తున్నాం. మంచిదేనా?

చీరకూ జరీకీ తగిలేలా వేయకండి. వేపాకు నీడన ఎండబెట్టి పలుచని గుడ్డ మూటలో పెడితే చాలు, లవంగాలు కూడా పనిచేస్తాయి. ప్లాస్టిక్ సంచుల్లోంచి తీసేసి, ఉతికిన తెల్లని నూలు గుడ్డలో చుట్టండి. ప్లాస్టిక్‌లో చెమ్మ చేరి మచ్చలు పడతాయి.

ఒక్కసారి కట్టి దాచిన పట్టు చీర మడతల దగ్గర చిట్లిపోయింది. ఎందుకు?

ఏళ్ళ తరబడి ఒకే మడత మీద ఉంటే జరీ తీగ పట్టు దారాన్ని కోస్తుంది. మూడు నాలుగు నెలలకోసారి చీర తీసి, గాలికి పరిచి, మడత మార్చి పెట్టండి. అన్నిటికన్నా మంచి పద్ధతి కట్టుకోవడమే. ఏడాదికి నాలుగుసార్లు కట్టిన చీర బీరువాలో ఉన్నదానికన్నా బాగుంటుంది.

అమ్మ పాత పట్టు చీర ఒళ్ళు చిరిగింది, అంచు మాత్రం చెక్కు చెదరలేదు. పాత జరీ కొనేవాళ్ళకు ఇచ్చేయనా?

ముందు ఆ అంచు మేలిమి జరీయేనా అని చూపించండి. వాళ్ళు వెండి తూకం కట్టి కొంటారు, అందుకే ఒకే చోట చెప్పిన ధరకు ఒప్పుకోకండి, రెండు మూడు చోట్ల అడగండి. అమ్మే ముందు ఇంకో దారి కూడా ఆలోచించండి. అంచును జాగ్రత్తగా విప్పి, అదే రంగు కొత్త పట్టు బట్టకు అతికించి ఇచ్చే దర్జీలు ఉన్నారు. కొంగు బాగుంటే రవిక వస్తుంది. ఒళ్ళులో చిరగని భాగం రెండు మీటర్లు మిగిలినా చిన్నపిల్లకు పరికిణీ అవుతుంది. కుట్టించే ముందు ఆ ముక్కను రెండు చేతులతో పట్టుకుని మెల్లగా లాగి చూడండి. పటపటమని చిట్లితే పట్టు జీవం అయిపోయిందన్నమాట, దానికి కుట్టు కూలి దండగ. అప్పుడు అంచు ఒక్కటే దాచుకోండి.